‘అన్‌లెడెడ్’ అంటే సీసం తీసేసిన పెట్రోలా, కలపని పెట్రోలా?

ప్రశ్న (కావలి నుంచి):
మా నాన్నగారు వాడిన పాత కారును నేను మళ్ళీ నడుపుకుందామనుకుంటున్నాను. దాని ట్యాంకు మూత లోపల ‘అన్‌లెడెడ్ ఫ్యూయల్ ఓన్లీ’ అని ఉంది. ముందుగా కనుక్కుందామని నడిచి వెళ్ళి ట్రంకు రోడ్డు బంకులో సీసం లేని పెట్రోలు ఉందా అని అడిగితే, పంపు దగ్గరి కుర్రవాడు ‘సీసాలో పొయ్యం సార్, బండి తెచ్చుకోండి’ అన్నాడు. అక్కడ ఆ పేరుతో పంపేదీ లేదు. ఈ మాటకు సరైన అర్థమేమిటి? ప్రీమియం పెట్రోలు అంటే ఇదేనా?

జవాబు (ఒంగోలు, రసాయనశాస్త్ర అధ్యాపకుడు):
సీసం తీసేసిన పెట్రోలు అనుకోవడం పొరపాటండీ, సీసం కలపని పెట్రోలు అన్నదే సరైన అర్థం. ఇంజనులో ఇంధనం వేళకు ముందే భగ్గుమని టకటక కొట్టకుండా ఉండేందుకు టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనం పనికివస్తుందని 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ కనుగొన్న తరువాత, శుద్ధి కర్మాగారాలు దాన్ని పనిగట్టుకుని పెట్రోలులో కలుపుతూ వచ్చాయి. ఆ సీసం పొగతో బయటికి వచ్చి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పైగా పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరులో విషవాయువులను మార్చే ప్లాటినం పూతపై పేరుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. మీ మూత మీది హెచ్చరిక ముఖ్యంగా ఈ కన్వర్టరు కోసమే. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో కన్వర్టరు ఉన్న కొత్త కార్ల కోసం ఈ పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా ఇదే అయింది.

జవాబు (నెల్లూరు, గ్యారేజీ నడిపేవాణ్ణి):
ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలంతా అదే కనుక పంపు మీద ఆ పేరు రాయడం మానేశారు. ప్రీమియం సంగతి వేరు: అది ఆక్టేన్‌కు, అంటే ఇంజనులో టకటక కొట్టకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే సంఖ్యకు సంబంధించినది, సీసం మామూలుదానిలోనూ ప్రీమియంలోనూ కలపరు. డీజిల్‌కు ఈ మాట వర్తించదు, ఎందుకంటే దానిలో సీసం ఎన్నడూ కలపలేదు. అలాగని ‘సీసం లేదు గదా’ అని డీజిల్ పోయించేరు సుమా! నన్నడిగితే మీ బండికి సీసం కన్నా ఇథనాల్ గురించే ఆలోచించాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకూ అది ఉంటోంది, పాత రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి కారతాయి, కాబట్టి ట్యాంకు నింపేముందే వాటిని మార్పించండి.

జవాబు (అద్దంకి నుంచి):
అధ్యాపకులవారి వివరణ బాగుంది గానీ, ‘సీసరహితం’ అన్న పత్రికల మాటను తప్పుపట్టనక్కర్లేదు. రహితం అంటే లేనిదనే గాని తీసేసినదని కాదు. ఇక పంపుల మీద రాయడం మానేసినా ‘అన్‌లెడెడ్’ అన్న మాటకు కాలం చెల్లలేదు. రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా 2021 జులైలో ఆపేసినా, పిస్టన్ ఇంజన్ల చిన్న విమానాలకు పోసే పెట్రోలులో ఇప్పటికీ సీసం కలుపుతూనే ఉన్నారు.