కిటికీ లోపలి నుంచి కెమెరా పెడితే రాత్రిపూట మొహం గుర్తుపట్టేలా పడుతుందా?

కుట్టుమిషను_కాకినాడ

అందరికీ నమస్కారమండి. మాది కాకినాడ. మేడ మీద పోర్షన్‌లో అద్దెకుంటూ ఇంట్లోనే బ్లౌజులు, పిల్లల యూనిఫాంలు కుడతాను. వినాయక చవితి వెళ్ళిన దగ్గర్నుంచి ఇప్పటికి నాలుగుసార్లు, కింద గేటు లోపల పెట్టుకున్న నా స్కూటీ సీటు ఎవరో కోసేశారు.

మొదటిసారి పిల్లి గీరిందేమో అనుకున్నాను. రెండోసారి పక్కన కూర్చుని చూశాను. నా పనే అది కదా, కోత చూస్తే తెలిసిపోతుంది. పిల్లి గోరైతే రెగ్జిన్ పైపొర లేచి పీచుపీచుగా ఉంటుంది. కత్తెరైతే ఆగి ఆగి పోయిన చోట మెట్లు పడతాయి. ఇది జానెడు పొడవున ఒకే గీత. రెండంచులూ కలిపి నొక్కితే కోసినట్టే కనపడదు. కొత్త బ్లేడండి. చివరికొచ్చేసరికి లోతు తగ్గింది, అంటే చెయ్యి లాగేసుకుంటూ పరుగెత్తాడు.

సీటు కవరు రెండుసార్లు నాలుగేసి వందలు పెట్టి వేయించాను. మూడోసారి నేనే కుట్టేసుకున్నాను. నాలుగోసారికి ఏడుపొచ్చింది.

నాకు ఒకరి మీద అనుమానం ఉంది. ఒక బ్లౌజు దగ్గర మాటా మాటా అనుకున్నాం. కానీ తప్పు మనిషిని అన్నానంటే ఇక ఈ వీధిలో నా గుమ్మం ఎక్కేవాళ్ళుండరు. అందుకని ఎవరో ఒక మనిషి వచ్చాడు, వెళ్ళాడు అన్న నీడ నాకక్కర్లేదు. మొహం కావాలి.

చిక్కేమిటంటే ఇంటాయన బయట గోడకి మేకు కూడా కొట్టొద్దంటాడు. కాబట్టి నా మిషను గది కిటికీ లోపలి నుంచే పెట్టాలి. ఊచల కిటికీ, బయటికి తెరుచుకునే అద్దం రెక్కలు, లోపల దోమల జాలీ. పైన చిన్న వెంటిలేటర్ కూడా ఉంది, దానికీ అద్దమే. దారానికి కత్తెర కట్టి కిందికి వదిలి కొలిచాను. కిటికీ నేల నుంచి 13 అడుగుల ఎత్తులో ఉంది. స్కూటీ దాకా ఏటవాలుగా 22 అడుగులొస్తుంది. గేటు కూడా అంతే దూరం. వీధి లైటు ఉందండి, వెలిగే రోజు వెలుగుతుంది. నాలుగు వేల లోపు అయిపోవాలి. ఏది కొనమంటారు?

మియాపూర్ మూడో అంతస్తు

నేను చేసిన తప్పులు చెప్తాను, మీరు చెయ్యకండి. ఇదే పని మా పార్కింగు కోసం చేశాను. బ్యాటరీ మీద నడిచే కెమెరా కొని స్లైడింగ్ అద్దం లోపల పెట్టా. రెండు వారాల్లో ఒక్క రికార్డింగ్ లేదు. కెమెరా పాడైందనుకుని వాపసు పంపించా. తర్వాత తెలిసింది, చాలా బ్యాటరీ కెమెరాలు ఒంటి వేడిని పసిగట్టి నిద్ర లేస్తాయంట. ఆ వేడి కిరణాలు అద్దం దాటవు. అద్దం అవతల ఏనుగు నిలబడ్డా దానికి తెలవదు.

రెండోది ప్లగ్గు పెట్టుకునేది తెచ్చా. పగలు అద్దంలా ఉంది బొమ్మ. రాత్రి ఆన్ చేస్తే తెల్లటి చందమామ ఒకటి, దాని వెనక నా బనియన్ కనపడ్డది. అంతే.

వైర్లు లాగేవాడు

తాడేపల్లిగూడెంలో ఉంటాను, పద్నాలుగేళ్ళుగా ఇదే పనండి. మేడమ్ గారు కొలతలు ఇచ్చారు కాబట్టి చెప్పడం తేలిక. లేకపోతే అందరూ "మంచి కెమెరా ఏది సార్" అనే అడుగుతారు.

పైన సోదరుడు చెప్పిన చందమామ, చీకట్లో చూడ్డానికి కెమెరాలో ఉండే ఐఆర్ (కంటికి కనపడని పరారుణ కిరణాల) లైట్లండి. ఆ వెలుగు అద్దానికి తగిలి తిరిగి కెమెరా కంట్లోనే పడుతుంది. జాలీ ఉంటే ఇంకా ఘోరం, జాలీ మొత్తం తెల్లటి తెరలా మెరుస్తుంది. అద్దం వెనక పెడితే సెట్టింగుల్లోకెళ్ళి ఐఆర్ ఆపేయాలి. గదిలో లైటు ఆపాలి. కెమెరా మీద వెలిగే చిన్న నీలం లైటు కూడా ఆపాలి. కెమెరా మూతి అద్దానికి ఆనించి చుట్టూ నల్ల స్పాంజి పెట్టాలి.

కానీ ఐఆర్ ఆపేశాక చీకట్లో దేంతో చూస్తుంది? అందుకే ముందు కెమెరా కొనకండి, బల్బు కొనండి. కింద పోర్టికోలో హోల్డర్ ఉండే ఉంటుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వేసి ఉంచినా నెలకి మూడు యూనిట్లే. ఆ వెలుగు స్కూటీ వెనక నుంచి కాకుండా మనిషి మొహం మీద పడేలా చూసుకోండి. వెలుగు వెనక ఉంటే ఎంత ఖరీదు కెమెరాకైనా మొహం నల్లగానే పడుతుంది.

ఇప్పుడు లెన్సు. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. షాపులో 2.8 మిల్లీమీటర్ల లెన్సు చూపించి "మొత్తం వీధి కవరవుతుంది" అంటారు. కవరవుతుంది, నిజమే. మీ 22 అడుగులంటే దాదాపు ఏడు మీటర్లు. ఆ దూరంలో 2.8 లెన్సు 15 మీటర్ల వెడల్పు చూస్తుంది. 2 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా ఉండేవి 1920 చుక్కలు (పిక్సెళ్ళు). పంచుకుంటే మీటరుకి 130 కూడా రావు, మనిషి మొహానికి ఇరవై చుక్కలు దక్కుతాయి. తెలిసినవాళ్ళయితే "వాడిలాగే ఉన్నాడే" అనుకోవడానికి సరిపోతుంది. మీరు వద్దన్నది సరిగ్గా అదే కదా. ఐఈసీ 62676-4 అని ఈ పనికి ఒక ప్రమాణం ఉందండి. తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకి 250 చుక్కలుండాలని దాని 2014 ప్రతిలో రాశారు.

4 మెగాపిక్సెల్, 6 మిల్లీమీటర్ల లెన్సు తీసుకోండి. అదే దూరంలో ఆరున్నర మీటర్లే చూస్తుంది కానీ అడ్డంగా 2560 చుక్కలుంటాయి, మీటరుకి 390 పైనే పడుతుంది. మొహానికి అరవై చుక్కలు. వీధి కనపడదు, పోనివ్వండి. వీధితో మీకేం పని?

ఇంకోటి. కెమెరా స్కూటీ వైపు తిప్పకండి. సీటు కోసేవాడు వంగి కోస్తాడు, పై నుంచి మీకు వాడి నడినెత్తి పడుతుంది. గేటు వైపు తిప్పండి. గేటు తీసేవాడు తప్పకుండా తలెత్తి మేడ వైపు ఒకసారి చూస్తాడు, ఎవరైనా లేచున్నారా అని. అదే మీకు కావలసిన క్షణం. స్కూటీ ఫ్రేములో ఒక మూలకి ఉంటే చాలు.

అన్నిటికంటే ముఖ్యం: ఊచలున్నాయి కదా, అసలు అద్దం వెనక ఎందుకండి? వెంటిలేటర్ అద్దం ముక్క ఒకటి ఊడదీయించి, ఊచకే క్లాంపు బిగించి, కెమెరా మూతి బయటికి వచ్చేలా పెట్టండి. గోడకి మేకు లేదు, ఇంటాయనకి మాట లేదు. పైన సన్‌షేడ్ ఉంటే వాన కూడా పడదు. వదిలేసేటప్పుడు అద్దం మళ్ళీ పెట్టేయండి.

ఎదురింటి పిన్ని

గేటు వైపు తిప్పితే ఎదురింటి వరండా కూడా పడుతుంది కదమ్మా. మా ఎదురు మేడ మీద ఒకాయన ఇలాగే పెట్టాడు. నేను పొద్దున్నే ముగ్గేయడానికి వచ్చినా, తల ఆరబెట్టుకున్నా చూస్తున్నాడేమోనని ఆరు నెలలు తలుపు వేసుకునే బతికాను. పెట్టే ముందు వాళ్ళకో మాట చెప్పు. కెమెరాలో ఆ భాగం నల్లగా కప్పేసే ఏర్పాటు ఉంటుందట, అది చేసి వాళ్ళకి చూపించు.

వైర్లు లాగేవాడు

పిన్నిగారు చెప్పింది నిజమండి. ప్రైవసీ మాస్క్ అంటారు, చాలా కెమెరాల్లో ఉంటుంది.

మరిచిపోయాను, బట్టల రంగు నమ్మకండి. ఐఆర్ మీద తీసిన బొమ్మ నలుపు తెలుపే, అందులోనూ నల్ల చొక్కా తెల్లగా పడే అవకాశముంది. ఒకచోట "తెల్ల చొక్కా మనిషి" కోసం వారం రోజులు వెతికారు.

కుట్టుమిషను_కాకినాడ

నల్ల చొక్కా తెల్లగానా! నమ్మలేదండి. మా తమ్ముడి దగ్గర మామూలు కెమెరా ఒకటుంటే తెప్పించి, కిటికీ రెక్కా, జాలీ తీసి, గేటుకి మూడు నల్ల ముక్కలు వేలాడదీశాను. ఒకటి పాలిస్టర్ లైనింగు, ఒకటి నూలు, ఒకటి ప్యాంటు గుడ్డ. ఐఆర్ వేస్తే నూలుది ముదురు బూడిద. ప్యాంటు గుడ్డ కొంచెం తేలిక. లైనింగు ముక్కయితే అచ్చం పాల మీగడలా ఉంది. పొద్దున వెళ్ళి చూస్తే మళ్ళీ నల్లగానే ఉంది. మా తమ్ముడు నవ్వుతున్నాడు కానీ, పాతికేళ్ళుగా గుడ్డ పట్టుకుంటున్నదాన్ని, నాకు ఇంకా వింతగానే ఉంది.

రెక్క మూసి కూడా చూశానండి. మియాపూర్ గారికి బనియన్ కనపడితే నాకు నా మిషనూ, దాని పక్కన బ్లౌజు తొడిగిన బొమ్మా కనపడ్డాయి. తల లేని ఆ బొమ్మని చూసి దొంగనుకుని ఒక్క క్షణం గుండె ఆగింది.

వెంటిలేటర్ అద్దం తీయించేశాను. బల్బు వేశాను. ఎదురింటి వాళ్ళకి చెప్తే "మా గేటు కూడా పడేలా పెట్టమ్మా" అన్నారు! పడదని చెప్పాను.

నల్లకోటు జూనియర్

దొరికాక ఏం చేయాలో దొరకక ముందే తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్యాధారాల చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందులో 63వ సెక్షన్ ప్రకారం వీడియోకి ధ్రువపత్రం జతచేయాలి. దాంట్లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడు) రాస్తారు, ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది. వాట్సాప్‌లో పంపితే వీడియో నలిగిపోతుంది, అది అసలు ఫైలు కాదు. కాబట్టి మెమరీ కార్డు తీసి అలాగే దాచండి. కెమెరాలో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. ఆస్తికి నష్టం చేయడం భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షన్.

ఇంకో మాట. మనిషెవరో తెలియగానే వీధి గ్రూపులో పెట్టేయాలనిపిస్తుంది. వద్దు. ముఖ్యంగా పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళయితే అసలు వద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కేసులో ఉన్న పిల్లల వివరాలు బయటపెట్టొద్దంటుంది.

వైర్లు లాగేవాడు

కార్డు 128 జీబీ వేయండి, రోజంతా రాసి చెరిపే పనికి పనికొచ్చే ఎండ్యూరెన్స్ కార్డు. రికార్డింగు సెట్టింగు సెకనుకి 2 మెగాబిట్లు పెడితే రోజుకి 21 జీబీ అవుతుంది, అయిదారు రోజులు నిలుస్తుంది. నిండితే పాతవి చెరుపుకుంటూ పోతుంది, కాబట్టి సీటు కోసిన రోజే చూడాలి. షట్టరు (ఒక్కో బొమ్మకి కెమెరా కన్ను తెరిచి ఉంచే సమయం) ఆటోలో వదలకండి. చీకట్లో అది నిదానించి నడిచే మనిషిని పొగలా తీస్తుంది. సెకనులో 1/50 వంతు కంటే నిదానం వద్దు. రౌటరుకీ కెమెరాకీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టండి, కరెంటు పోయిన రాత్రే వస్తారు ఇలాంటివాళ్ళు.

కుట్టుమిషను_కాకినాడ

పంతొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను, ఏమనుకోకండి, కార్తీక మాసం బ్లౌజులు.

పడింది. మొన్న శుక్రవారం రాత్రి 10:52. వైర్లు లాగేవారూ, మీరన్నట్టే గేటు తీసి తలెత్తి నా కిటికీ వంక చూశాడండి. కనుబొమ్మ మీద మచ్చతో సహా పడింది. మూడోసారి చూస్తేగానీ చూపు కిందికి దిగలేదు, అప్పుడు ప్యాంటు చూశాను. జూన్‌లో నేనే కుట్టాను. ఎదిగే పిల్లాడని కింద రెండంగుళాల మడత వదిలాను, ఇంకా విప్పలేదు.

నేననుకున్న మనిషి కాదు. అసలు ఆ వైపే నా ఆలోచన పోలేదు. ఆగస్టులో వాళ్ళ బంతి తగిలి నా గులాబీ కుండీ పగిలితే బంతి తీసి దాచేశాను, మరిచిపోయాను కూడా. అది నా సైజు కొలతల డబ్బాలోనే ఉంది ఇప్పటికీ.

పోలీసుల దాకా వెళ్ళలేదు. గ్రూపులోనూ పెట్టలేదు. వాళ్ళమ్మని పిలిచి, మిషను దగ్గర కూర్చోబెట్టి చూపించాను. రెండుసార్లు చూసింది. ఏమీ అనలేదు. లేచి వెళ్తూ కింద ఆగి సీటు మీద ఆ కుట్టు తడిమి చూసి వెళ్ళింది. మర్నాడు పిల్లాడొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బంతి ఇచ్చేశాను.

నేను అనుమానపడ్డావిడ నిన్న రెండు బ్లౌజులిచ్చింది. లైనింగు డబ్బులు తీసుకోలేదు నేను. ఎందుకమ్మా అని అడిగింది. ఊరికేనన్నాను.

వైర్లు లాగేవాడు

కార్డు పక్కన పెట్టి కొత్తది వేసుకోండి మేడమ్. బల్బు మాత్రం తీయకండి.