నతనాభా, నుతనాభా? వరూధిని పద్యంలో ఒక్క అక్షరం

అర్ధానుస్వారం:
పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు అప్సరస వరూధినిని మొదటిసారి చూసే మత్తేభం. మూడో పాదం దాకా నోటికి వస్తోంది: «శతపత్రేక్షణఁ జంచరీకచికురం జంద్రాస్యఁ జక్రస్తనిన్». నాలుగోది, «… నవలా నొకానొక మరున్నారీశిరోరత్నమున్», ఎత్తుకునేచోటే తేడా కొడుతోంది. «నతనాభిన్» అనా, «నుతనాభిన్» అనా? నుత అయితే పొగడదగ్గ నాభి అని సాఫీగా పోతుంది. నత అంటే వంగినది కదా, వంగిన బొడ్డులో అందమేమిటి?

గురులఘువు:
నుత కుదరదండీ, యతి (పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ ఉండాల్సిన పొంతన) ఒప్పుకోదు. మత్తేభానికి 14వ అక్షరం యతిస్థానం. వేళ్లమీద లెక్కపెట్టండి: న, త, నా, భిన్, న, వ, లా, నొ, కా, నొ, క, మ, రు, న్నా. 14వది ‘న్నా’, అందులో అచ్చు ఆకారం. దానికి పాదం మొదట అ, ఆ, ఐ, ఔలలో ఒకటి పలకాలి. ‘ను’ ఉకారం, దాని జట్టు వేరు. కాబట్టి నతనాభే. వ్యవహారం ముగిసింది.

పాతపుస్తకం:
పాఠం తేలింది, అర్థం తేలలేదు. ఆయన అడిగిన అసలు ప్రశ్న రెండో సగంలో ఉంది.
నత అంటే ఇక్కడ లోపలికి దిగిన, లోతైన అని. కాళిదాసు కుమారసంభవం మొదటి సర్గలో పార్వతి నూగారు వర్ణన గుర్తు తెచ్చుకోండి: «తస్యాః ప్రవిష్టా నతనాభిరంధ్రం రరాజ తన్వీ నవలోమరాజిః». మేఘసందేశంలో అదే నాభి «నిమ్ననాభిః» అయింది. దానికి వ్యాఖ్యాత మల్లినాథుడు గంభీరనాభి అని రాశాడు. మన మెదక్ కొలిచాల ఆయన మాట మనమే వినకపోతే ఎలా? సాముద్రికంలో కూడా లోతుగా ఉండి కుడివైపు సుడి తిరిగిన నాభినే శుభలక్షణంగా లెక్కేస్తారు.

తెలివాక:
కాళిదాసు దగ్గర ‘రంధ్రం’ అనే మాట తోడుంది, అందుకని నతకు లోతు అన్న అర్థం అక్కడ తేలిగ్గా దొరుకుతుంది. పెద్దన ఆ రంధ్రం తీసేశాడు. ఉత్త నతనాభి అంటే లోతు ఎలా వస్తుంది? పైగా నిమ్ననాభి అనే మాట తయారుగా ఉండగా దాన్నెందుకు వదిలేశాడు?

గురులఘువు:
వదిలేయక ఏం చేస్తాడు? నిమ్ననాభి ఈ పాదంలో మూడుచోట్ల తంతుంది. మత్తేభం మొదటి గణం సగణం, రెండు లఘువులూ ఒక గురువూ కావాలి. ‘నిమ్న’ ఎత్తుకోగానే గురువు. రెండు, ప్రాస. అతఁడా, న్వితమి, శతప, నతనా: నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం తకారం. అక్కడ ‘మ్న’ వస్తే పద్యమే లేదు. మూడు, ‘ని’లో ఇకారం, ‘న్నా’తో యతి కుదరదు. ‘నత’ మూడింటికీ సరిపోయింది.

తెలివాక:
అంటే ప్రాస కోసం నాభిని వంచాడంటారా? ఆంధ్రకవితాపితామహుడండీ ఆయన!

గురులఘువు:
వంచాడని నేననలేదు. కాళిదాసు వాడిన మాటే చేతికందింది, గణానికీ ప్రాసకూ యతికీ అదే సరిపడింది అంటున్నాను. ఛందస్సు తెలిసినవాడికి పదం ఇలాగే దొరుకుతుంది.

జక్కవకవ:
ఇంకోటి గమనించండి. పద్యంలో విశేషణాలు ఆరు. విద్యుల్లతావిగ్రహ, శతపత్రేక్షణ, చంచరీకచికుర, చంద్రాస్య, చక్రస్తని, నతనాభి. మొదటి అయిదింటిలోనూ ఉపమానం ఉంది: మెరుపుతీగ, తామర, తుమ్మెద, చంద్రుడు, చక్రవాకం. ఆరోదానిలో లేదు. అంత వరస కట్టిన కవి చివర్లో ఉత్త విశేషణంతో సరిపెడతాడా? నా అనుమానం ‘నత’ కూడా ఉపమానమే అని. వైద్య నిఘంటువుల్లో నతం అంటే తగరం. తగరమంటే నందివర్ధనం అనే వాడుకా ఉంది. ఆ పువ్వు రేకులు చూడండి, అయిదూ ఒకే వైపుకు మెలితిరిగి సుడిలా ఉంటాయి, మధ్యలో చిన్న గుంట. అచ్చం సుడినాభి.

పాతపుస్తకం:
ఊహ ముచ్చటగా ఉంది కానీ నిలవదండీ. వైద్యంలో నతమనే తగరం వేరు, పువ్వు కాదు. కొండల్లో దొరికే మొక్క వేరు అది, వంకరగా ఉంటుంది కాబట్టే నతం, వక్రం, కుటిలం అని పేర్లు. వరూధిని నాభిని ఎండిన వేరుతో పోల్చాడంటే పెద్దన వచ్చి మనల్ని అడుగుతాడు.

జక్కవకవ:
ఆ మొక్క దొరికేది హిమాలయాల్లోనే, కథ జరిగేదీ హిమాలయంలోనే. ఊరికే చెబుతున్నా.

నిగమశర్మ అక్క:
నందివర్ధనం సంగతి తర్వాత చూద్దాం. ‘చక్రస్తని’ని బండిచక్రం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ లెక్క ముందు తేల్చండి.

పాతపుస్తకం:
అమరకోశంలోనే ఉంది: «కోకశ్చక్రశ్చక్రవాకః». చక్రం అంటే జక్కవపిట్ట. బండిచక్రం బల్లపరుపుగా ఉంటుంది, పోలికే కుదరదు. జక్కవలు ఎప్పుడూ జంటగా ఉంటాయి, గుండ్రంగా, నిండుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుంటాయి. తెలుగు కవులు ‘జక్కవకవ’ అన్నది అందుకే. ‘కవ’ (జంట) లేకపోతే ఉపమానం సగమే.

నిగమశర్మ అక్క:
అది పిట్ట అని ఒప్పుకుంటే పద్యంలో ఇంకో గమ్మత్తు బయటపడుతుంది. జక్కవ జంట రాత్రి విడిపోతుంది, చంద్రోదయం దానికి పగ. తామర చంద్రుణ్ణి చూస్తే ముడుచుకుంటుంది. తుమ్మెద ఆ ముడుచుకున్న తామరలో చిక్కుకుంటుంది. అలాంటిది ఒకే పాదంలో తామర, తుమ్మెద, చంద్రుడు, జక్కవ అన్నీ ఒకే మనిషి ఒంటిమీద కాపురమున్నాయి. చంద్రుడు పక్కనే ఉన్నా తామరకన్నులు విచ్చుకునే ఉన్నాయి, జక్కవలు విడిపోలేదు. వాటి తరతరాల పగ ఆవిడ దగ్గర మాయమైంది, అదీ అందమంటే. కన్ను పెద్దదా, జుట్టు నల్లదా అన్న పట్టీ కాదు ఇది.

తెలివాక:
ఆ నాలుగూ ఏ ప్రబంధం తెరిచినా కనిపించేవే. పెద్దన అంత ఆలోచించాడనడం మీ పాండిత్యం.

నిగమశర్మ అక్క:
మాటలు అందరివీ, వరస మాత్రం ఆయనది. చంద్రుణ్ణి తీసుకెళ్లి సరిగ్గా జక్కవ పక్కన కూర్చోబెట్టాడు: «జంద్రాస్యఁ జక్రస్తనిన్». ద్రుతం (పదం చివరి నకారం) తర్వాత చకారం జకారమై రెండూ ఒకే శబ్దంతో మొదలవుతున్నాయి. శత్రువులిద్దర్నీ ఒకే అక్షరంతో కలిపాడు.

అర్ధానుస్వారం:
అక్కగారూ, బాగుంది. కానీ నత…

మత్తకోకిల:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాలుగో పాదం చిన్నప్పుడు చాలామంది చదివేది ‘నతనా భిన్న వలా’ అని. భిన్నమైన వల! అచ్చులో «నతనాభిన్నవలా» అని కలిపి వేస్తే ఇలాగే అవుతుంది. «నతనాభిన్» దగ్గర ఆగి «నవలాన్» ఎత్తుకోవాలి. ఆ ‘నవలా’లో దీర్ఘం ఛందస్సు కోసం సాగదీసిందా, పదంలోనే ఉందా?

గురులఘువు:
అక్కడ గురువు కావాల్సిందే, రగణం (గురువు, లఘువు, గురువు) మొదటి అక్షరం. కానీ సాగదీత కాదు. పదమే నవలా, అంటే స్త్రీ. నవలామణి అంటాం కదా, దీర్ఘం అక్కడా ఉంది.

పాతపుస్తకం:
నవల అనగానే కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గుర్తొస్తాడు. 1878లో వచ్చిన రాజశేఖర చరిత్రను వీరేశలింగం వచనప్రబంధం అన్నాడు. ఆ రకం రచనకు నవల అన్న పేరు బ్రహ్మయ్యశాస్త్రి పెట్టిందే. «నవాన్ విశేషాన్ లాతి గృహ్ణాతీతి నవలా», కొత్త విశేషాలను గ్రహించేది అని వ్యుత్పత్తి. ఆడమనిషికున్న పాత మాట పుస్తకానికి అంటుకుంది, ఇప్పుడు నవల అంటే ఆడమనిషి అని ఎవరికీ తట్టదు.

నిగమశర్మ అక్క:
మళ్లీ పుస్తకాల్లోకి వెళ్లిపోయారు. నత మీద నా మాటా చెబుతాను. ఆమె ఎలా ఉందో చూడండి. వెంటనే వచ్చే తేటగీతిలో ‘ఆసీనయైన’ అని ఉంది. మామిడిచెట్టు కింద అరుగుమీద కూర్చుని వీణ వాయిస్తోంది. వీణ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి నడుము కాస్త ముందుకు వంగుతుంది, కడుపు లోపలికి పోతుంది, బొడ్డు ముడతల్లోకి దిగుతుంది. నిలబడితే కనిపించే లోతు వేరు, వీణమీదికి వంగితే పడే లోతు వేరు. అందుకని నతలో వంపూ ఉంది, లోతూ ఉంది. నిమ్న అంటే లోతు ఒక్కటే వచ్చేది.

పాతపుస్తకం:
ఇది మాత్రం కాదనలేను. ఇంకొంచెం కలుపుతాను. మత్తేభం నాభి దగ్గర ఆగుతుంది. తర్వాతి సీసం ఎక్కడ ఎత్తుకుంటుందో చూడండి: «తతనితంబాభోగ ధవళాంశుకములోని యంగదట్టపు గావి రంగువలన». నతనాభి దగ్గర వదిలిన చూపు తతనితంబం దగ్గర అందుకుంది. పైన తెల్లచీర, లోపల కావిరంగు అంగదట్టం. ఆ ఎరుపు తెల్లబట్టలోంచి తొణికి కిందనున్న చంద్రకాంతపు పీఠాన్ని జాజురంగు చేస్తోంది. తెల్లరాయికి ఎరుపు అంటాలంటే పైబట్ట ఎంత పలచన కావాలో లెక్కేసుకోండి. ఒంటిని ఒక్కమాట అనకుండా ఒళ్లంతా చూపించాడు. నన్నడిగితే జక్కవలూ తామరలూ కలిపినా ఈ కావిరంగుకు చాలవు.

తెలివాక:
అన్నిటికన్నా ముందు వాసన వచ్చింది, అది మరిచారు. «మృగమదసౌరభవిభవద్విగుణిత ఘనసార సాంద్ర వీటీగంధ స్థగితేతరపరిమళమై మగువ పొలుపుఁ దెలుపు నొక్క మారుతమొలసెన్». కస్తూరి, పచ్చకర్పూరం, తాంబూలం. మనిషి కనబడకముందే ఆమె పొలుపు గాలిలో తెలిసిపోయింది. ప్రవరుడు పాపం ఇక్కడెవరో మనుషులున్నారు, దారి అడుగుదాం అనుకునే వెళ్లాడు.

జక్కవకవ:
అదే గాలి మత్తేభంలో ‘వాతపరంపర’ అయింది. ఆఖరున «మరున్నారీశిరోరత్నమున్». మరుత్ అంటే దేవత, గాలి కూడా. అమరంలో «మరుతౌ పవనామరౌ» అని ఉంది. గాలి వెంట వెళ్లినవాడికి గాలిపిల్ల దొరికింది. తగరం కొట్టేశారు సరే, దీన్ని కొట్టలేరు.

పాతపుస్తకం:
కొట్టను. అది నేను రాసుకుని పెట్టుకుంటాను.

మత్తకోకిల:
ముక్కు ఏదండీ? ఆరు విశేషణాల్లో ముక్కు లేదు. సంపెంగ మీద తుమ్మెద వాలదు కాబట్టి ఆ పువ్వు తపస్సు చేసి ఆడదాని ముక్కై, రెండు పక్కలా చూపుల తుమ్మెదల్ని పొందిందన్న «నానాసూనవితాన» పద్యం ముందు…

గురులఘువు:
అమ్మో, ముక్కు దగ్గరికి వెళ్తే ఆ పద్యం తిమ్మనదా రామరాజభూషణుడిదా అని సంక్రాంతి దాకా సాగుతుంది. వద్దు.

నిగమశర్మ అక్క:
పట్టీ వర్ణన ఎంత గొప్పగా కుదిరినా కూర్చోబెట్టిన బొమ్మే. అసలు అందం ఆమె లేచినప్పుడు. «చూచి, ఝళంఝళత్కటకసూచితవేగపదారవిందయై, లేచి, కుచంబులుం దురుము లేనడుమల్లలనాడ». ముందు అందెల మోత, ఆ మోతను బట్టి వేగం, ఆ వేగానికి కదిలిన మూడు. లావుగా బరువుగా ఉన్నవి రెండూ ముందు పెట్టి, వాటిని మోసే సన్నటి నడుము చివర పెట్టాడు. అక్కడ ఉపమానాలు లేవు. ఆ తర్వాత పూచిన పోకచెట్టు నునుబోదెను చేరి చూస్తుంది. ఆవిడ నడుముకు పోలిక అదే, కాకపోతే పోలిక అని చెప్పకుండా పక్కన నిలబెట్టాడు.

తెలివాక:
ప్రవరుడు ‘భీతహరిణేక్షణ’ అని పిలుస్తాడు, కాళిదాసు ‘చకితహరిణీప్రేక్షణా’ వాసన. బెదిరింది మాత్రం ఆయనే. ఆవిడ బదులు చూడండి: «ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు». కళ్ల అందాన్ని మెచ్చుకున్నది ఆడమనిషి, మెప్పు దక్కింది మగవాడికి.

అర్ధానుస్వారం:
సరే. నతనాభే, ఒప్పుకున్నాను. వంపా లోతా అన్నది…

గురులఘువు:
లోతు.

నిగమశర్మ అక్క:
రెండూ.

మత్తకోకిల:
ఆ పోకచెట్టు మాట వచ్చింది కాబట్టి: పోకమాను లేతగా ఉన్నప్పుడే పచ్చగా నున్నగా ఉంటుంది, మట్టలు రాలినచోట గుండ్రటి గీతలు పడతాయి. ముదిరితే బూడిదరంగు తిరుగుతుంది. పూతకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. అంటే పూచింది, బోదె ఇంకా నున్నగానే ఉంది, తొలిపూత చెట్టన్నమాట. ఇంతకీ పద్యంలో ‘బోదియ’ అనా, ‘మోదియ’ అనా మీరు చదివేది?

పాతపుస్తకం:
బోదియ. ‘పోకనును’ తర్వాత ద్రుతం ఉందా లేదా చూడండి, ఉంటే అసలు రూపం పోదియ కావాలి.

గురులఘువు:
ఆగండి, అది సమాసం. సమాసంలో ద్రుతం ఎక్కడిది?