పాత టీవీ గేమ్ 20 నిమిషాలకే కాలిపోతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అటక మీద సామాన్లు దించుతుంటే మా చిన్నప్పటి టీవీ గేమ్ దొరికింది. 90ల్లో ఇంటింటా ఉండేదే, పసుపు క్యాసెట్ గుచ్చి ఆడే రకం. ఆన్ చేస్తే బొమ్మ చక్కగా వస్తోంది. 20 నిమిషాలకు అడ్డగీతలు మొదలై, ఆ తర్వాత ఆగిపోతోంది. డబ్బా వెనక కుడి మూల చెయ్యి ఆనించలేనంత వేడి. పావుగంట ఆపితే మళ్లీ మామూలే. పాత అడాప్టర్ దొరకలేదు, పిన్ను పట్టిందని వైఫై డబ్బాది పెట్టాను. దసరా సెలవులకు అక్క పిల్లలు వస్తున్నారు. లోపల చిన్న ఫ్యాన్ బిగిస్తే సరిపోతుందా?

జవాబు 1:
డబ్బా కింద గుడ్డ ఉంటే ముందు తీసెయ్యండి. మా అమ్మ టీవీ స్టాండ్ మీద అల్లిక గుడ్డ పరిచేది, గేమ్ దానిమీదే. అడుగున గాలి కన్నాలన్నీ మూసుకుపోయేవి.

జవాబు 2:
గుడ్డ సంగతి సరే గానీ, నా అనుమానం అడాప్టర్ మీద. పాతికేళ్లుగా టీవీలు రిపేరు చేస్తున్నాను, ఇలాంటివి చాలా చూశాను. దాని మీద ఎన్ని వోల్టులని ఉందో చెప్పు తమ్ముడూ. ఫ్యాన్ జోలికి అప్పుడే వెళ్లకు.

అడిగినవారు:
12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది అన్నా. గేమ్ డబ్బా మీద మాత్రం 9 వోల్టులని ఉంది. ఆడుతోంది కదా అని పట్టించుకోలేదు. 3 వోల్టులకే అంత తేడానా?

జవాబు 2:
చాలా తేడా. లోపలి చిప్పులకు కావలసింది 5 వోల్టులే. ఆ 5 చేసి ఇచ్చేది 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్. నీకు కాలుతున్న మూల ఉండేది అదే. మిగిలిన వోల్టులను అది వేడిగా మార్చి పారేస్తుంది, ఇంకో దారి దానికి లేదు. చేతనైతే మల్టీమీటర్‌ను (కరెంటు కొలిచే మీటరు) అడాప్టర్ వైరుకు మధ్యలో వరసగా కలిపి, డబ్బా ఎంత కరెంటు లాగుతోందో కొలిచి చెప్పు.

అడిగినవారు:
0.35 ఆంపియర్ చూపిస్తోంది. మూత కూడా విప్పాను. ఆ మూడు కాళ్లదానికి అల్యూమినియం రేకు ఒకటి ఉంది, స్క్రూ వదులై ఊగుతోంది.

జవాబు 2:
దొంగ దొరికాడు! 7805 వేడిని లాగి గాలిలోకి వదలాల్సింది ఆ రేకే. లెక్క చూడు. అడాప్టర్ ఇచ్చే 12లో దారిలో డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే ముక్క) 0.7 తినేస్తుంది. మిగతా 11.3లోంచి 5 తీస్తే 6.3. దాన్ని 0.35తో గుణిస్తే 2.2 వాట్లు. రేకు సాయం లేని 7805 వాటుకు సుమారు 65 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. అంటే గది వేడి మీద ఇంకో 143 డిగ్రీలు. అంత వేడికి అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ లేస్తుంది. నీ పావుగంట కథ అదే. 9 వోల్టులు ఇస్తే 1.2 వాట్లు దాటదు, వేడి సగానికి పడిపోతుంది.

పని ఇలా చెయ్యి. వైర్లన్నీ పీకేసి, రేకు తీసి, వేడిని రేకుకు చేర్చే తెల్ల పేస్టు ఎండిపోయి ఉంటుంది, అది గీకి, కొత్తది పలచగా రాసి, స్క్రూ బిగించు. 7805 వీపు గ్రౌండే, మధ్యలో కరెంటు తగలకుండా అడ్డుపెట్టే మైకా ముక్క అక్కర్లేదు. పక్కనున్న పెద్ద కెపాసిటర్ (కరెంటు నిల్వ చేసే గొట్టం లాంటిది) తల ఉబ్బి ఉందేమో చూడు. ఉబ్బితే మార్పించు. దాని మీద 16 వోల్టులనే ఉంటే నీ 12 దానికి దగ్గర దగ్గర హద్దే. 7805 మార్చాల్సి వచ్చినా పెద్ద ఖర్చు కాదు, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

జవాబు 3:
7.5 వోల్టులది పెడితే ఇంకా చల్లగా ఉంటుంది కదా?

జవాబు 2:
7805కి 5 కంటే కనీసం 2 వోల్టులు పైన అందాలి. డయోడ్ పోగా 6.8 మిగిలితే బొమ్మ వణుకుతుంది. 9 పెట్టడమే మేలు. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం అడాప్టర్ అయితే 9 అని రాసి ఉన్నా ఖాళీగా 12, 13 చూపిస్తుంది. రాసినన్ని వోల్టులే ఇచ్చే స్విచింగ్ రకం కొనుక్కో.

జవాబు 4:
కొనేముందు ప్లస్ మైనస్ చూసుకోండి. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో వాళ్ల టీవీ గేమ్ ఫామికామ్‌కు 10 వోల్టులు, పిన్ను లోపల మైనస్. దాన్ని చూసి చేసిన డబ్బాల్లో అన్నీ అలాగే ఉండవు. మీ వైఫై అడాప్టర్‌తో ఆడింది కాబట్టి దాని గుర్తే చూసుకుని అదే వరస కొనండి. ఇంకో మాట. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన నింటెండో అడాప్టర్ పెట్టకండి. అది 120 వోల్టులకు చేసినది, పైగా మన డబ్బాకు కావలసిన డీసీ కాకుండా ఏసీ కరెంటు ఇస్తుంది. మన సాకెట్లో పెడితే పొగే.

అడిగినవారు:
9 వోల్టులది తెచ్చాను, రేకు బిగించాను. కెపాసిటర్ బాగానే ఉంది. నిన్న రాత్రి రెండు గంటలు ట్యాంకుల ఆట ఆడాం, మూల గోరువెచ్చగానే ఉంది. మీకు చాలా థ్యాంక్స్ అన్నా. ఒక్కటే మిగిలింది, బాతుల్ని కాల్చే తుపాకీ మాత్రం పనిచెయ్యట్లేదు.

జవాబు 2:
టీవీ ఎల్ఈడీయా? అయితే అది చెడిపోలేదు. ఆ తుపాకీ పాత లావు టీవీ (పిక్చర్ ట్యూబ్‌ది) వెలుగునే పట్టుకుంటుంది. పక్కింటి అటక మీద ఒకటి ఉందేమో అడిగి చూడు.