‘నిన్ననే’ని ఇంగ్లీషులో ఏమనాలి?

‘నిన్ననే’ అనడానికి మనవాళ్లు వాడే ‘యెస్టర్‌డే ఓన్లీ’ తప్పా ఒప్పా అని ఆన్‌లైన్‌లో రెండు రోజులుగా కొట్టుకుంటున్నారు కాబట్టి నేనూ ఒక మాట వేస్తాను. మా చెల్లి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తుంది. ఫైలు ఎప్పుడు పంపావని లండన్‌లో ఉండే మేనేజర్ ఫోన్లో అడిగితే ‘ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే ఓన్లీ’ అంది. నిన్ననే పంపేశాను, మీరే చూసుకోలేదు అని దాని ఉద్దేశం. ఆయనేమో అంత ఆలస్యం ఎందుకైందని అడిగాడట! ఆయన్నీ అనడానికి లేదు, వాళ్ల ‘ఓన్లీ యెస్టర్‌డే’ అంటే నిన్నటిదాకా పంపలేదనే అర్థం వస్తుంది మరి.

ఓన్లీని మాట వెనకాల పెట్టడమే తప్పని ఆ చర్చలో ఒకరు రాశారు. అమీర్‌పేటలో నేను వెళ్లిన స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులోనూ ఇదే చెప్పారు, ముందుకు జరిపితే చాలు అని. నేను ఒప్పుకోను. సిటీ బస్సులో ‘స్త్రీలకు మాత్రమే’ అన్నదాన్ని ‘లేడీస్ ఓన్లీ’ అంటాం, అది మంచి ఇంగ్లీషే, ఓన్లీ వెనకే ఉంది. అసలు ఓన్లీ ఎక్కడుండాలన్నది ఇంగ్లీషువాళ్లలోనే తెగని పంచాయితీ. ‘ఐ ఓన్లీ డ్రాంక్ టీ’ అనకూడదు, టీకి ఆనుకునే ఉండాలి అని పట్టుబట్టేవాళ్లు ఉన్నారు, కానీ 1926లోనే ఇంగ్లీషు వాడుక మీద పేరున్న పుస్తకం రాసిన ఫౌలర్ ‘హీ ఓన్లీ డైడ్ ఎ వీక్ అగో’ అన్న వాక్యాన్ని వెనకేసుకొచ్చాడు, అర్థం తెలుస్తుంటే దిద్దడం దేనికని.

కాబట్టి చిక్కు చోటుతో కాదు, అర్థంతో. మనకు ‘మాత్రమే’ వేరు, ఉత్త ‘ఏ’ వేరు. ‘నిన్న మాత్రమే పంపాను’ అంటే మిగతా రోజులు పంపలేదని. ‘నిన్ననే పంపాను’లో ఆ మినహాయింపు లేదు, నొక్కి చెప్పడమే ఉంది. ఓన్లీ చేసేది మన ‘మాత్రమే’ చేసే పని, మనం దాని నెత్తిన ఏకారాన్ని కూడా పెడుతున్నాం. ఇది ఒక్క తెలుగువాళ్ల అలవాటేమీ కాదు, ఉర్దూలో ‘హీ’ ఉంది, పాతబస్తీలో నిన్ననే చెప్పా అనడానికి ‘కలిచ్ బోలా’ అంటారు, ఆ ‘ఇచ్’ చేసేదీ మన ఏకారం పనే. ఇన్ని వైపుల నుంచి నొక్కుతుంటే హైదరాబాద్ ఇంగ్లీషులో ఓన్లీ ఇలా కాక ఇంకెలా ఉంటుంది?

ఇంకో సంగతి, మన ‘నిన్ననే’ కూడా అంత అమాయకురాలు కాదు. ‘ఊరి నుంచి నిన్ననే వచ్చానండీ, అందుకే కరెంటు బిల్లు కట్టలేదు’ అన్నప్పుడు అది సరిగ్గా ఆ మేనేజర్ విన్న అర్థమే! పని ముందే అయిందని గొప్పకీ అదే మాట, ఇంకా టైం దొరకలేదని సాకుకీ అదే మాట. మనకు గొంతును బట్టి తెలిసిపోతుంది.

ఇంగ్లీషులోనూ ఈ నొక్కు చాలావరకు గొంతులోనే ఉంటుంది, యెస్టర్‌డే మీద ఒత్తితే సరి. మెయిల్లో గొంతు ఉండదు కాబట్టి ‘ఐ ఆల్రెడీ సెంట్ ఇట్ యెస్టర్‌డే’ అని రాయమని చెల్లికి అరగంట పాఠం చెప్పాను. బుద్ధిగా విని, ఓన్లీ తీసేసి, మెయిల్ పంపించి నాకు చూపించింది: ‘ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే ఇట్‌సెల్ఫ్’.