అంబులెన్స్ లెక్కలు ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో వశిష్ఠ పాయ పక్కన ఓ లంక ఊరు. మొన్న రాత్రి మా నాన్నగారు ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే అంబులెన్స్‌కి ఫోన్ చేశాం. గంటా పావు తర్వాత వచ్చింది. మా దగ్గరి బండి షెడ్డులో ఉందట, ఇది ఎక్కడో దూరం నుంచి పంపారు. దేవుడి దయవల్ల నాన్నగారు ఇప్పుడు బాగానే ఉన్నారు.

వచ్చిన డ్రైవర్ని, టెక్నీషియన్‌ని ఒక్క మాట అనను. చీకట్లో కొబ్బరి తోటల మధ్య గట్టు మీద బండి నడపడం మాటలు కాదు. నా అనుమానం పైవాళ్ల మీదే. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది కాంట్రాక్టు సంస్థ. మరి బండి ఆగిపోయిన రోజులకీ బిల్లు కడుతున్నారా, కోత పెడుతున్నారా?

సమాచార హక్కు చట్టం కింద అడుగుదామనుకుంటున్నాను. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, అంతవరకు తెలుసు. అర్జీ అమలాపురంలో జిల్లా వైద్యాధికారి ఆఫీసులో ఇస్తే సరిపోతుందా, విజయవాడకే పంపాలా? కాంట్రాక్టు కాపీ, మా మండలం బండి లాగ్‌బుక్, జరిమానాల వివరాలు కావాలి. "ప్రైవేటు సంస్థ సమాచారం, ఇవ్వం" అంటే ఏం చెప్పాలి?

ఎవరైనా ఇలా అడిగి సాధించారా? అర్జీ నమూనా ఉంటే పెట్టండి. వరదల్లోపే తేల్చుకోవాలి, కాజ్‌వే మునిగితే బండి ఉన్నా లేనట్టే మాకు.