లైట్ థెరపీలో మంట: ఎంతవరకు మామూలు, ఎక్కడ ఆపాలి?

ఎర్రగన్నేరు:
సోరియాసిస్‌కి వారానికి మూడుసార్లు నారోబ్యాండ్ యూవీబీ (అతినీలలోహిత కిరణాల్లో ఒక సన్నని పట్టీతో ఇచ్చే లైట్ థెరపీ) నడుస్తోంది. మొదటి డోసు చదరపు సెంటీమీటరు చర్మానికి 300 మిల్లీజౌల్స్, సిట్టింగ్‌కి 20 శాతం చొప్పున పెంచుతున్నారు. ఇప్పటికి ఆరు అయ్యాయి. క్యాబిన్‌లో ఉన్నంతసేపూ కాస్త వెచ్చగా ఉండటం తప్ప ఏమీ తెలియదు. ఆరోదాని తర్వాత మాత్రం ఆ రాత్రికే వీపంతా కంది చురచురలాడింది, మర్నాడు సాయంత్రానికి కూడా తగ్గలేదు. బొబ్బలు లేవు. తర్వాతి సిట్టింగ్‌కి వెళ్లొచ్చా? ఇంకొకటి: ముఖం మీద ఆక్టినిక్ కెరటోసిస్ (ఎండ దెబ్బకు వచ్చే గరుకు మచ్చలు)కు పీడీటీ (మందు ఇచ్చి దాని మీద లైటు వేసే ఫోటోడైనమిక్ థెరపీ) చేయించుకున్నవాళ్లు లైటు వేసిన నిమిషంలోనే నొప్పి భరించలేకపోయామంటారు. రెండూ లైట్ థెరపీలే కదా, ఇంత తేడా ఏమిటి? క్యాన్సర్ భయం ఎంత నిజమో కూడా చెప్పండి.

లాంప్‌రూమ్:
వెళ్లొచ్చు, కానీ లైటు వేయించుకోకూడదు. కందిన చోటు చూపించి, సిట్టింగ్ వాయిదా వేయించండి.

యూవీబీ ఎరుపు వెంటనే కనబడదు. 8 నుంచి 24 గంటల మధ్య బాగా తేలుతుంది. అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న "మంట ఎంత?" కాదు, "ఎప్పుడు మొదలైంది, ఎప్పటికి తగ్గింది?" అనేది. లేత గులాబీ రంగు వచ్చి ఒక రోజులో పోతే డోసు సరిపోయిందని లెక్క. రంగు ఇంకా ఉంటే పెంచరు, అదే డోసు ఇస్తారు. ముదురు ఎరుపైనా, ముట్టుకుంటే నొప్పిగా ఉన్నా అది లేత రంగుకు దిగేదాకా ఆపి, ఇబ్బంది పెట్టని చివరి డోసు నుంచి మళ్లీ మొదలుపెడతారు. మీది ఈ కోవకే వస్తుంది. బొబ్బలు లేస్తే చర్మం పూర్తిగా మానాలి.

20 శాతం చిన్నదిగా వినిపిస్తుంది కానీ చక్రవడ్డీలా పెరుగుతుంది: 300, 360, 432, 518, 622, 746. ఆరో సిట్టింగ్‌కి మొదటిదానికి రెండున్నర రెట్లు. అదే 10 శాతమైతే 483 దగ్గరే ఉండేది. తేలిగ్గా కందే చర్మానికి పది శాతమే మేలని నా అభిప్రాయం. నాలుగు సిట్టింగులు ఆలస్యమైనా, కాలి రెండు వారాలు పోగొట్టుకోవడం కన్నా నయం.

డోసే కారణం కాకపోవచ్చు, వీటినీ చూడండి. ట్యూబులు మార్చారా? డోసును ట్యూబు తీవ్రతతో భాగిస్తే వచ్చేది సెకన్లు: 300 మిల్లీజౌల్స్‌ను 5 మిల్లీవాట్లతో భాగిస్తే 60 సెకన్లు. కొత్త ట్యూబు 7 ఇస్తుంటే అదే 60 సెకన్లలో 420 పడుతుంది. మీటరుతో కొలవకుండా పాత టైమే పెడితే కాలకేం చేస్తుంది? వీపు మీద మందపాటి పొలుసులు ఊడిపోయాయా? అవి అడ్డుకున్న వెలుతురు ఇప్పుడు నేరుగా లోపలికి దిగుతుంది. ముందు మినరల్ ఆయిల్ పల్చగా రాస్తే పొలుసుల గుండా లైటు బాగా వెళ్తుంది. వ్యాజిలిన్ దట్టంగా పూసినా, సాలిసిలిక్ యాసిడ్ ఆయింట్‌మెంట్ రాసినా అడ్డుపడుతుంది. ఒకరోజు రాసి ఒకరోజు మానేస్తే డోసు మారినట్టే. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నా, వేరే లోదుస్తులు వేసుకున్నా అప్పటిదాకా లైటు తగలని చర్మం పూర్తి డోసు తింటుంది.

ప్రస్తుతానికి చల్లటి తడిగుడ్డ, వాసన లేని మాయిశ్చరైజర్. ఐసు నేరుగా పెట్టొద్దు. ఎండలోకి వెళ్లొద్దు, అదీ డోసు కిందికే వస్తుంది. ఇంకొక మాట, సిట్టింగ్ అయిన కొన్ని గంటలకు కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడితే గాగుల్స్ పనిచేయలేదని అర్థం. అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

తెల్లగోడ:
పీడీటీ సంగతి. పేరులో లైటు ఉన్నా పని పూర్తిగా వేరు. అందులో యూవీ లేదు, సాధారణంగా 630 నానోమీటర్ల దగ్గరి ఎర్ర లైటు. ముందు క్రీము రాసి మూడు గంటలు కప్పి ఉంచుతారు. జబ్బు కణాల్లో ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థం పేరుకుంటుంది. లైటు పడగానే అది ఆక్సిజన్‌ను చురుకైన రూపంలోకి మార్చి కణాన్ని అక్కడికక్కడే దెబ్బతీస్తుంది. నొప్పి వెంటనే మొదలై మొదటి కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరేది అందుకే. ముఖం, నెత్తి, మచ్చలు ఎక్కువగా ఉన్న పెద్ద ప్రాంతాల్లో మరీ ఎక్కువ.

మత్తు క్రీములు ఇక్కడ పెద్దగా పనిచేయవు. చల్లగాలి గొట్టం, నీళ్ల స్ప్రే, మధ్యలో లైటు ఆపి మళ్లీ వేయడం, మరీ తప్పకపోతే నరానికి మత్తు ఇంజెక్షన్, ఇవే దారులు. డాక్టరు ఒప్పుకుంటే పగటి వెలుగుతో చేసే పద్ధతి ఉంది: క్రీము రాసిన అరగంటలోపు బయటికి వెళ్లి రెండు గంటలు ఉండటం. ప్రోటోపోర్ఫిరిన్ పేరుకునే లోపే కొద్దికొద్దిగా ఖర్చవుతుంది కనుక నొప్పి చాలా తక్కువ. ముందు రాసే సన్‌స్క్రీన్‌లో జింక్, టైటానియం ఉండకూడదు, అవి కావలసిన వెలుగునూ ఆపేస్తాయి.

తర్వాత 48 గంటలు ఆ చోటికి ఎండ, బలమైన లైట్లు తగలకూడదు. మామూలు సన్‌స్క్రీన్‌ను నమ్ముకోవద్దు, కంటికి కనబడే వెలుగును అది ఆపదు. టోపీ, గుడ్డ కావాలి.

లోపలి క్యాన్సర్లకు నరం ద్వారా ఇచ్చే పోర్ఫిమర్ అనే పీడీటీ మందు అయితే ఈ జాగ్రత్త కనీసం 30 రోజులు. అలాగని చీకటి గదిలో కూర్చోకూడదు. ఇంట్లోని మామూలు వెలుగే చర్మంలో మిగిలిన మందును మెల్లగా విరగ్గొడుతుంది.

లాంప్‌రూమ్:
క్యాన్సర్ ప్రశ్న మిగిలింది. నారోబ్యాండ్ యూవీబీ మీద ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో చర్మ క్యాన్సర్ పెరిగినట్టు స్పష్టమైన ఆధారం లేదు. చర్మాన్ని వెలుగుకు సున్నితం చేసే సొరాలెన్ మాత్రలు వేసి యూవీఏ (యూవీలోనే మరో రకం) ఇచ్చే పూవాకి మాత్రం ఉంది: స్క్వామస్ సెల్ క్యాన్సర్ (ఒక రకం చర్మ క్యాన్సర్) ముప్పు సిట్టింగుల సంఖ్యతో పెరుగుతుంది, 200 దాటితే చాలా జాగ్రత్త. రెండింటి పేర్లు కలిపేసి జనం భయపడుతుంటారు. పూవా కాలిన ఎరుపు రెండు మూడు రోజులకు గానీ పూర్తిగా తేలదు, మాత్ర వేసుకున్నాక 24 గంటలు యూవీఏ ఆపే కళ్లజోడు తప్పనిసరి. ఏదైనా సరే మొత్తం సిట్టింగుల లెక్క మీ దగ్గరే రాసి పెట్టుకోండి. జననాంగాలకు జబ్బు లేకపోతే కప్పే ఉంచాలి. లూపస్ (ఎండకు ముదిరే ఒక రోగనిరోధక జబ్బు) ఉన్నా, మెలనోమా (ప్రమాదకరమైన ఒక చర్మ క్యాన్సర్) వచ్చి ఉన్నా ముందే చెప్పాలి.

ఎర్రగన్నేరు:
ట్యూబులు మార్చలేదట. నాలుగు రోజుల కిందట డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలైంది. అదే కారణమా?

లాంప్‌రూమ్:
డాక్సీ ప్రధానంగా యూవీఏతో గొడవపడుతుంది, మీ ట్యూబుల్లో అది చాలా తక్కువ. కాబట్టి నా అనుమానం ఇంకా 20 శాతం మీదే. కానీ ఎండలో యూవీఏ బోలెడు ఉంటుంది, బయట తిరిగి ఉంటే రెండూ కలిసి ఉండొచ్చు. మాత్ర సొంతంగా ఆపకండి. టెక్నీషియన్‌కి చెప్పి చార్టులో రాయించండి, కోర్సు అయ్యేదాకా డోసు పెంచొద్దని అడగండి. ఈలోగా వారం లోపు విరామమైతే తగ్గించే పనిలేదు. ఒకటి రెండు వారాలైతే పావు వంతు, రెండు మూడు వారాలైతే సగం తగ్గిస్తారు. అంతకు మించితే మళ్లీ మొదటి నుంచే.