కొత్త కారు కొనేటప్పుడు ముందు ఏం చూడాలి: మైలేజీనా, స్టార్లా?

తిరుచానూరు రోడ్డు: అందరికీ నమస్కారం. పదకొండు లక్షల్లో ఇంటికి మొదటి కారు కొనాలి. మేం ఐదుగురం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పాపకు నాలుగేళ్లు. నాన్న మైలేజీ, తర్వాత అమ్మితే వచ్చే రేటు చూడమంటారు. నేను కారును గుద్దించి చూసే భద్రతా పరీక్షలో స్టార్ రేటింగ్ రానిది వద్దంటాను. బావమరిదికి సన్‌రూఫ్ కావాలి. నెల రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరు దేన్ని చూసి కొన్నారు?

చిత్తూరు పాత బస్టాండు: మీ నాన్నగారి మాటే నా మాట తమ్ముడూ. మేం చికిత్స కోసం నెలకు నాలుగు సార్లు వేలూరు పోతాం, పెట్రోలు ఖర్చు ప్రతిసారీ తెలుస్తుంది. దారిలో ఎక్కడైనా ఆగిపోతే అక్కడి మెకానిక్‌కు ఆ బండి తెలిసుండాలి, సామాను దొరకాలి. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతమే. పొడవు నాలుగు మీటర్లు, పెట్రోలు ఇంజిను 1200 సీసీ దాటకూడదు. దాటితే 40 శాతం. ఆ లోపలే చూసుకోండి.

సన్‌రూఫా? మన ఎండలకు వద్దు.

అలిపిరి: అన్నా, ఖర్చు లెక్క ఒప్పుకుంటాను. కానీ మైలేజీ కావాలంటే భద్రత వదులుకోవాలన్నది పాత మాట. 2024లో మారుతి కొత్త డిజైర్ కారుకు గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే విదేశీ భద్రతా పరీక్షలో పెద్దవాళ్ల భద్రతకు 5 స్టార్లు వచ్చాయి, పిల్లల భద్రతకు 4. మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైంది. అందులోనూ రెండూ వేరువేరుగా ఇస్తారు. తమ్ముడూ, పాప ఉంది కాబట్టి ఆ రెండో అంకె తప్పకుండా చూడు. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు వెనక ఉన్నాయా అని చేత్తో తడిమి చూడు.

నా అనుభవం ఒకటి చెబుతాను. పాత కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, తిరుమల నుంచి దిగుతున్నాం. దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. రెండో గేరులో దిగాల్సింది, నేను బ్రేకు మీదే కాలు పెట్టుకుని వచ్చాను. సగం దారిలో కాలిన వాసన, పెడల్ మెత్తబడింది. వెనక మా పిల్లలు నిద్రపోతున్నారు. ఆ పది నిమిషాల టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేను. తప్పు నాదే. కానీ ఆ కారును షోరూము వాళ్లతో ఖాళీ బైపాస్‌లో నడిపి కొన్నాను, నిండు బరువుతో ఒక్కసారి కూడా చూడలేదు. మీరు ఐదుగురూ ఎక్కి చూడండి. ముఖ్యంగా అమ్మగారిని తీసుకెళ్లండి.

తిరుచానూరు రోడ్డు: అన్నా, నిన్న అందరం వెళ్లాం. నేను మనసు పడిన ఎత్తు బండిలో అమ్మ పైన పిడి పట్టుకుని రెండు సార్లు కాలు పెట్టబోయి దించేసింది. "పర్లేదులే, అలవాటవుతుంది" అంది. నాన్న ఏమీ మాట్లాడకుండా పక్క బండి తలుపు తీశారు. అది మరీ కిందికి ఉంది, కూర్చుంది గానీ లేవడానికి నేను చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. మూడోదాంట్లో సీటు ఆమె నడుము ఎత్తుకు సరిగ్గా ఉంది, తనే ఎక్కి తనే దిగింది. ఆ బండి మీద ఇప్పుడు నాన్నకూ నాకూ గొడవ లేదు.

ఒక్కటే మిగిలింది. నాన్న సీఎన్‌జీ తీసుకుందామంటున్నారు. సిలిండరు పోగా డిక్కీలో ఐదుగురి సామాను పడుతుందా? నిండు బరువుతో కొండెక్కినవాళ్లు చెప్పండి.